దొరబాబు గారి పన్నెండో వర్ధంతి

రావులపాలెం అరటి మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసే దొరబాబు చనిపోయి పన్నెండేళ్లయింది. ఈ మాట దొరబాబే చెబుతాడు, టీ తాగుతూ, ఎదుటివాడి ముఖం చూసి నవ్వుకుంటూ. ఏటా జూన్‌లో హోరు టీవీ వాళ్లు ఆయన్ని ఒకసారి చంపుతారు. ఉత్తరాది కొండల్లో వరదొచ్చి యాత్రికులు కొట్టుకుపోయిన రోజది, దేశమంతా అన్నం మానేసి టీవీల ముందు కూర్చున్న రోజు. ఆ రోజు సాయంత్రం ఏడుపు సంగీతం పెట్టి, జాడ తెలియకుండా పోయిన నలభై ఒక్క మంది తెలుగువాళ్ల ఫొటోలు వరసగా చూపిస్తారు. పదిహేడో ఫొటో దొరబాబుది. నల్లటి జుట్టు, పక్క పాపిడి, నవ్వీ నవ్వని మూతి. కింద రెండు అగరొత్తులు, వాటి పొగ కంప్యూటర్‌లో వేసింది.

మొదటి రెండేళ్లూ ఆయన ఫోన్ చేసి, "బాబూ, నేను బతికే ఉన్నానండి" అని చెప్పుకున్నాడు. నోట్ చేసుకున్నామండి అన్నారు. మూడో ఏడు ఇంకెవరో ఫోనెత్తి, "అదంతా ఒకటే ఫైలండీ, మిమ్మల్ని తీస్తే మిగతా నలభై మందీ కదిలిపోతారు" అన్నారు. నలభై మందిని కదిలించడం ఎందుకులే అని ఆయన ఊరుకున్నాడు. అప్పట్నించీ మార్కెట్లో గెలలు దించే జట్టువాళ్లు ఆ రోజు పొద్దున్నే ఆయన మెడలో బంతిపూల దండ వేస్తారు. ఆయన అందరికీ టీ ఇప్పిస్తాడు. ఇంట్లో భార్య హైమ కాఫీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చుని, "ఈ ఏడు మిమ్మల్ని ఇంకో రెండు సెకన్లు ఎక్కువ ఉంచారండోయ్" అని కేకేస్తుంది.

అంతా నవ్వులాటే. కాకపోతే ఆ నవ్వులాటకి అడుగున ఒక కాగితం ఉంది. దాని మీద దొరబాబు సంతకం ఉంది.

ఆ యాత్రకి సీటు బుక్ చేసుకున్నది దొరబాబే. బయల్దేరే వారంలో చక్కెరకేళి ధర ఒక్కసారిగా లేచింది. ధర లేచినప్పుడు మార్కెట్ వదిలి దేవుడి దగ్గరికి వెళ్లే మనిషి కాదాయన. చిట్టియ్య అని చిన్నప్పటి స్నేహితుడు ఉండేవాడు. గోదావరి గట్టు మీద ఇల్లు, నదిలో వల, పిల్లల్లేరు, అన్నవరం దాటి ఎరగడు. "సీటు ఖాళీగా ఎందుకు పోవాలిరా దొరా, నేనెళ్తా" అన్నాడు. ట్రావెల్స్ వాళ్లు ఇప్పుడు పేరు మార్చడం కుదరదన్నారు. ఆ మాత్రం దానికేముంది, మన వైపు ఒకరి టిక్కెట్టు మీద ఒకరు వెళ్లడం తప్పనుకున్నవాళ్లు ఎవరున్నారు? దొరబాబు తన గుర్తింపు కార్డు జిరాక్సు, తన స్వెట్టరు, తన మంకీ క్యాపు ఇచ్చి, "ఎవడడిగినా దొరబాబునని చెప్పు, చాలు" అని బండెక్కించాడు.

కొండ మీంచి చిట్టియ్య ఒకే ఒక్కసారి ఫోన్ చేశాడు. "ఒరే, దొరబాబు గారికి దర్శనం బ్రహ్మాండంగా అయ్యిందంట. దొరబాబు గారిని చలి కొరికేస్తోందంట. వారం నించీ చేపల పులుసు లేక దొరబాబు గారు చిక్కిపోయారంట" అని పగలబడి నవ్వాడు. రెండ్రోజులకి వరదొచ్చింది.

ఆ తర్వాత ఊళ్లోనే ఒక గవర్నమెంటు ఆఫీసులో, ఒక బల్ల ముందు, దొరబాబుని కూర్చోబెట్టారు. "గల్లంతైనవాళ్ల లిస్టులో ఉన్నది మీరు. మీరేమో నా ఎదురుగా ఉన్నారు. మీ కార్డు మీద చిట్టియ్య అనే అతన్ని పంపించారని వాళ్లావిడ అంటోంది, నిజమేనా? కేసవుతుందండి" అన్నాడు ఆ సీట్లో ఆయన, పెద్ద కోపం కూడా లేకుండా. దొరబాబుకి వీపంతా తడిసిపోయింది. నేను ప్రయాణం మానుకున్నాను, నా బదులు ఎవరూ వెళ్లలేదు, చిట్టియ్య అనే మనిషి సంగతి నాకు తెలియదు అని టైపు చేసిన కాగితం ముందుకు జరిపితే సంతకం పెట్టేశాడు. ఆఫీసు లిస్టులోంచి ఆయన పేరు కొట్టేశారు. టీవీ లిస్టులో అలాగే ఉండిపోయింది. చిట్టియ్య పేరు ఏ లిస్టులోకీ ఎక్కలేదు.

లిస్టులో లేనివాడు పోయినవాడు ఎలా అవుతాడు? పెళ్లాన్ని వదిలేసి ఎవతెతోనో లేచిపోయాడని ఊరు తేల్చేసింది. యాత్రకే వెళ్లాడండీ అని అతని భార్య సత్యకుమారి కనపడ్డ ప్రతివాళ్లకీ చెప్పింది. కాదని దొరబాబు గారంతటి మనిషి రాసిచ్చాక ఆవిడ మాట ఎవరు వింటారు? పన్నెండేళ్లుగా ఆవిడ హైవే పక్కన చేపల బుట్ట ముందు మొగుడు వదిలేసిన మనిషిగానే కూర్చుంటోంది. దొరబాబు ఏటా శ్రావణమాసంలో ఒక మంచి గెల పంపిస్తాడు. ఆవిడ దాన్ని మేకకి వేస్తుంది. ఈ సంగతి ఆయనకీ తెలుసు.

ఈ జూన్‌లో జంక్షన్లో ఒక ఫ్లెక్సీ లేచింది, రెండంతస్తుల ఎత్తు. మంచు కొండలు, కన్నీటి చుక్క, నలభై ఒక్క ముఖాలు. 'పన్నెండేళ్ల అశ్రువు. రాజమండ్రి కోటిలింగాల రేవులో సామూహిక కర్మకాండ. హోరు టీవీలో ప్రత్యక్ష ప్రసారం. సమర్పణ: జ్వాలా కర్పూరం. వెలిగించండి, మీవాళ్లు దగ్గరే ఉంటారు.' ఆ కింద, అయిదు డబ్బాలు కొంటే ఒక ప్రమిద ఉచితం. దొరబాబు ముఖం సరిగ్గా కర్పూరం డబ్బా పక్కన పడింది. మార్కెట్ మార్కెట్టంతా వచ్చి దాని ముందు సెల్ఫీలు దిగింది.

ఆ మధ్యాహ్నమే వీరభద్రం గారు ఫోన్ చేశారు. ఆయన దొరబాబు ఇంటి పురోహితుడు, కోనసీమ మనిషి, ఇప్పుడు రాజమండ్రి రేవులో కర్మలు చేయిస్తుంటారు. టీవీ వాళ్లు కుదుర్చుకున్నది కూడా ఆయన్నే.

"దొరబాబు గారూ, ఒక చిక్కొచ్చిందండి. పన్నెండేళ్లు జాడ లేని మనిషికి మోదుగాకుల కాడలూ దర్భలూ కలిపి బొమ్మ కట్టి దహనం చేస్తాం. అదీ పద్ధతి. మీకూ ఒక బొమ్మ కట్టమంటున్నారు. పదిహేడో నంబరు."

"కట్టండి, తప్పేముంది?" అన్నాడు దొరబాబు నవ్వుతూ. హైమ వినాలని ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"తప్పేముందంటారేంటండీ? దహనం అయ్యాక మీరు శాస్త్రప్రకారం పోయినట్టే. బతికున్నవాడు తిరిగొస్తే దానికీ ఒక విధి ఉంది. నేతి కుండలో ముంచి తియ్యాలి. అంటే మళ్లీ పుట్టినట్టు. పురుడు, నామకరణం, అన్నప్రాసన, అన్నీ మొదట్నించీ. చివర్లో పెళ్లి."

"పెళ్లెవరితోనండీ?"

"పాత భార్యనే మళ్లీ చేసుకోవాలి."

హైమ వంటింట్లోంచి వచ్చి ఫోన్ దగ్గర నిలబడింది. "వీరభద్రం గారూ, అందులో ఆవిడ ఇష్టం ఏమైనా అడుగుతారాండీ?"

"శాస్త్రంలో ఆ ప్రస్తావన లేదమ్మా" అని ఆయన చాలా సీరియస్‌గా అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఇంతకంటే అన్యాయం ఇంకోటుందండి. బొమ్మలు కట్టడానికి టైం పడుతుందని చీరల షాపుల్లో నించోబెట్టే బొమ్మలు తెస్తామన్నారు. సంకల్పంలో గోత్రాల తర్వాత కర్పూరం కంపెనీ పేరు చెప్పాలట. జ్వాలా కర్పూరానిది ఏ గోత్రమండీ అని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు."

ఆ రాత్రి భోజనాల దాకా మొగుడూ పెళ్లాలు ఇదే చెప్పుకుని నవ్వారు. మర్నాడు పొద్దున్న షాపు ముందు సత్యకుమారి కనపడేసరికి దొరబాబు నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆవిడ పన్నెండేళ్లలో ఆ షాపు గడప తొక్కలేదు. చేపల బుట్ట బయటే దించి, చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీకు పిండం పెడుతున్నారంట గదా."

"అదేదో టీవీ వాళ్ల పిచ్చి అమ్మా" అన్నాడు దొరబాబు.

"పిచ్చో ఏదో నాకు తెలవదండి. ఆ పిండం మా ఆయనదండి. మీ పేరు మీద పోయింది ఆయన. ఆయన పేరు చెప్పి పెట్టించండి. ఇంకేం అడగను."

ఆవిడ ఏడవలేదు, గొంతు పెంచలేదు. బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. దొరబాబు ఆ పూట వేలంపాట మధ్యలో రెండుసార్లు లెక్క తప్పాడు. సిగ్గేసింది ఆయనకి. పన్నెండేళ్లుగా తన చావు మీద తను జోకులేసుకుంటున్నాడు గానీ, ఆ చావు నిజానికి ఎవరిదో ఒక్క జోకులో కూడా రాలేదు.

సాయంత్రానికి రాజమండ్రి వెళ్లి, ప్రోగ్రాం చూసుకునే ఉదయ్‌భాస్కర్‌ని కలిశాడు. నిడదవోలు కుర్రాడే, ముప్పై దాటి ఉంటాయి, హైదరాబాద్ వెళ్లి చెవిలో ఇయర్‌ఫోన్ మొలిపించుకుని వచ్చాడు. దొరబాబుని చూడగానే కళ్లు పెద్దవి చేశాడు.

"మీరు పదిహేడు కదా సార్?"

"అవునండి. నన్ను తీసేసి, చిట్టియ్య అని, ఈయన పేరు పెట్టండి. నిజంగా పోయింది ఈయన." దొరబాబు జేబులోంచి ఒక ఫొటో తీశాడు. ఎవరిదో పెళ్లిలో తీసింది. బంతిలో కూర్చుని చిట్టియ్య అన్నం కలుపుతున్నాడు, సగం ముఖానికి సాంబారు బకెట్టు అడ్డం.

ఉదయ్‌భాస్కర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది స్క్రీన్ మీద నిలబడదు సార్. మీ ఫొటోకి పన్నెండేళ్ల గుర్తింపు ఉంది. మిమ్మల్ని చూసి ఏడ్చే ఆడవాళ్లున్నారు సార్, కామెంట్లు చూపించమంటారా?" అంటూనే ఆగి, దొరబాబు ముఖంలోకి కొత్తగా చూశాడు. "ఒక్క నిమిషం. మీరు బతికున్నారు."

"అదే గదా పన్నెండేళ్ల నించీ మొత్తుకుంటున్నాను."

"కాదు సార్, లైవ్‌లో బతికుంటే? పదిహేడో బొమ్మ దగ్గర కర్పూరం వెలిగిస్తాం. పొగ వేస్తాం. పొగలోంచి మీరు నడిచొస్తారు. వెలిగించండి, మీవాళ్లు దగ్గరే ఉంటారు. క్యాప్షన్ ఎలాగూ అదే." ఉదయ్‌భాస్కర్ గొంతు వణికింది. నిజమైన భక్తి అలాగే ఉంటుంది కాబోలు. "మీ చేతికి మైకిస్తాం సార్. రెండు మాటలు మాట్లాడండి."

దొరబాబు లేచి వెళ్లిపోదామనుకున్నాడు. మైకు అన్న మాట దగ్గర ఆగాడు. రాష్ట్రమంతా వింటుండగా చిట్టియ్య పేరు చెప్పొచ్చు. ఆఫీసులో బల్ల ముందు చెప్పలేని మాట అక్కడ చెప్పేస్తే కేసులైనా ఇంకేమైనా ఒక్కసారే అయిపోతాయి. "సరేనండి, వస్తాను" అన్నాడు.

ప్రోగ్రాం సాయంత్రం ఆరింటికి. ఇలాంటివి పొద్దున్న చెయ్యాలండీ అని వీరభద్రం గారు మొత్తుకుంటే, పొద్దున్న స్లాటులో యోగా ఉందన్నారట. రేవంతా లైట్లు. నలభై ఒక్క బొమ్మలకి నంబర్లు, ప్రతి బొమ్మ ముందూ కర్పూరం డబ్బా, లేబుల్ కెమెరా వైపుకి. పోయినవాళ్ల కుటుంబాలని ముందు వరసల్లో కూర్చోబెట్టి, కళ్లజోళ్లు ఉన్నవాళ్లని అవి తీసెయ్యమన్నారు, కన్నీళ్లు కనపడవని. వెనకాల, తాడు బయట, హైమ పక్కన సత్యకుమారి నిలబడి ఉంది. దొరబాబే కారులో తీసుకొచ్చాడు.

పదిహేడు దగ్గరికి రాగానే పొగ లేచింది. దొరబాబు దగ్గుకుంటూ పొగలోంచి బయటికొచ్చాడు. జనం హాహాకారాలు చేశారు. మార్కెట్ నించి వచ్చిన జట్టువాళ్లు మాత్రం ఈలలేశారు. యాంకరమ్మాయి పరిగెత్తుకొచ్చి, "చనిపోయినప్పుడు మీకెలా అనిపించింది సార్?" అని మైకు నోటి ముందు పెట్టింది.

దొరబాబు ఆ మైకు అందుకున్నాడు. "నేను చనిపోలేదమ్మా. నేను అసలు వెళ్లనే లేదు. నా పేరు మీద, నా స్వెట్టరు వేసుకుని, చిట్టియ్య వెళ్లాడు. గోదావరి గట్టు మీద చేపలు పట్టే చిట్టియ్య. పోయింది వాడు. వాడి సంగతి తెలియదని భయపడి సంతకం పెట్టింది నేను. వాడి భార్యని..."

మైకు ఆగిపోయింది. పెద్ద తెర మీద ఒక కుటుంబం పట్టుబట్టలు కట్టుకుని నవ్వుతూ కర్పూరం వెలిగిస్తోంది. జ్వాలా, జ్వాలా అని పాట. దొరబాబు మైకు లేకుండానే గట్టిగా చెప్పుకుంటూ పోయాడు గానీ పాట ముందు ఆయన గొంతు మూడో వరస దాటలేదు. ప్రకటన అయ్యేసరికి ఇద్దరు మనుషులు ఆయన్ని మర్యాదగా దింపేశారు. మళ్లీ లైవ్‌లోకి వచ్చి యాంకరమ్మాయి, తిరిగొచ్చిన ఆనందంలో దొరబాబు గారు భావోద్వేగానికి గురయ్యారని చెప్పింది. పద్దెనిమిదో నంబరుకి వెళ్లిపోయారు.

తాడు బయటికొచ్చి సత్యకుమారి ముందు నిలబడ్డాడు దొరబాబు. ముఖమంతా చెమట, పొగ మసి. "చెప్పానమ్మా, అన్నీ చెప్పాను. వాళ్లే కట్ చేశారు" అన్నాడు.

"విన్నానండి. మూడో వరసలోకి దూరాను" అంది సత్యకుమారి. "ఈ మాట ఆ రోజు ఆ ఆఫీసులో అనుంటే సరిపోయేది గదండీ. అక్కడ పాటలేం లేవు."

దొరబాబు తల దించుకున్నాడు.

అంతలో వీరభద్రం గారు పంచె ఎగ్గట్టుకుని మెట్లెక్కి వచ్చారు. "ఇవాళ్టిది టీవీ వాళ్ల కోసం. పోయినవాళ్లకి రేపు పొద్దున్న ఏడింటికి చేస్తున్నాను. అన్ని కుటుంబాలకీ విడివిడిగా చెప్పాను. మీరూ రండి" అన్నారు. తర్వాత సత్యకుమారి వైపు తిరిగారు. "చిట్టియ్యకి కర్త ఎవరమ్మా?"

"ఎవరున్నారండీ, నేనే. ఇంకెవరి చేతైనా చేయించాలంటే నా దర్భ ఇస్తాను." ఆవిడ దొరబాబు వైపు తిరిగింది. "అన్నయ్యగారు చేస్తే ఇస్తాను."

"చేస్తాను" అన్నాడు దొరబాబు వెంటనే.

వీరభద్రం గారు ఆయన తల వైపు చూశారు. "జుట్టు తీయించాలండి."

దొరబాబు చెయ్యి అప్రయత్నంగా పక్క పాపిడి మీదికి పోయింది. వయసు యాభై ఎనిమిది, ఆ నలుపు పదిహేను రోజులకోసారి హైమ బ్రష్షు పెట్టి వేసేది. ఊళ్లో ఆయన గర్వపడే ఆస్తి అదొక్కటే. హైమ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

మర్నాడు పొద్దున్న రేవులో కెమెరాలు లేవు. నిన్నటి డబ్బాలు నీళ్లలో తేలుతున్నాయి. మంగలి పావుగంటలో పని ముగించాడు. మోదుగాకుల బొమ్మని సత్యకుమారే కట్టింది. వల అల్లిన చేతులు కదా, వీరభద్రం గారు చెప్పడం పూర్తికాకముందే ముడులు పడ్డాయి. గోత్రం తెలియదంటే కాశ్యప గోత్రం అనుకున్నారు. పేరు అడిగితే, దొరబాబు నోరు తెరిచేలోపే, "చిట్టియ్య అండి" అని ఆవిడే చెప్పింది. బొమ్మ అంటుకున్నాక మాత్రం ఆవిడ కూలబడి, పన్నెండేళ్లది ఒక్కసారి ఏడ్చింది. హైమ ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది. దొరబాబు బోడితల మీద కండువా వేసుకుని, నీళ్లలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఏడుపు అయ్యాక బయల్దేరిన మనిషికి ఒక సంగతి తట్టలేదు. మన వైపు బోడిగుండు కనపడితే ఏడుకొండలవాడి దగ్గర్నించి వస్తున్నారా అంటారు. అదే ముఖం వాడిపోయి, ఒంటి మీద తడి పంచె ఉంటే ఎవరూ తిరపతి మాట ఎత్తరు. రావులపాలెంలో కారు దిగగానే టీ కొట్టువాడు గ్లాసు కింద పెట్టేశాడు. "అయ్యో, ఎవరు పోయారండీ?"

"చిట్టియ్య" అన్నాడు దొరబాబు.

"ఏ చిట్టియ్యండీ? లేచిపోయాడన్నారే?"

"లేచిపోలేదు. యాత్రలో పోయాడు. నా టిక్కెట్టు మీద నేనే పంపించాను."

జట్టువాళ్లు వచ్చి అడిగారు. గెలల లారీ డ్రైవరు అద్దం దించి అడిగాడు. పాతికేళ్లుగా ఆయనతో మాటల్లేని పోటీ వ్యాపారి కూడా రోడ్డు దాటొచ్చి అడిగాడు. అడిగిన ప్రతివాడికీ మొదటి నించీ చెప్పాల్సి వచ్చింది. ముందు నాలుగుసార్లూ నోరెండిపోయింది. తర్వాత తర్వాత మాట తేలికపడింది. పక్కనే సత్యకుమారి నిలబడి ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వింది. జంక్షన్లో ఫ్లెక్సీ మీద పక్క పాపిడి దొరబాబు నవ్వీ నవ్వనట్టు చూస్తున్నాడు. ఇప్పుడు కింద నిలబడ్డ మనిషికీ ఆ ఫొటోకీ పోలికే లేదు.

పదిన్నరకి ఆఫీసు తీశారు. ఆ బల్లే ఉంది, సీట్లో మనిషి మారాడు. ఎదురుగా వచ్చి నిలబడ్డ గుండునీ, పక్కన చేపల వాసనతో ఉన్న మనిషినీ చూసి, ఆయన కలం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఎంత ఆఫీసరైనా ఈ వైపు మనిషే కదా.

"అయ్యయ్యో, కూర్చోండి, కూర్చోండి. ఎవరు పోయారండీ?"

దొరబాబు కూర్చోలేదు. కుర్చీ సత్యకుమారి వైపు జరిపాడు.

"అదే చెప్దామని వచ్చానండి" అన్నాడు. "రాసుకోండి."